చెమటకు నిలిచే పౌడర్: ఒక కూచిపూడి మేకప్ డైరీ

మార్చి చివర

మే నెలలో ఒక గుడి ప్రాంగణంలో మా నాట్యబృందం ప్రదర్శన ఖాయమైంది. ఆరుబయలు వేదిక, రెండు గంటల కార్యక్రమం, విజయవాడ ఎండాకాలం. పగలు 40 డిగ్రీలు దాటిన రోజున పొద్దు గూకాక కూడా నాపరాళ్ల నేల వేడి వదలదు. పిల్లలకు మేకప్ వేసే పని ఏళ్లుగా నాదే కాబట్టి ఈ వేసవికి నాకు నేనే ఒక పని పెట్టుకున్నాను. మొదట్లో జరిగే పూర్వరంగంలో వేదిక మీదికి వచ్చిన ముఖం, చివరి అంశమైన తరంగంలో ఇత్తడి పళ్ళెం ఎక్కి ఆడే వేళకు కూడా అలాగే ఉండాలి.

ఇప్పుడు మేము చేసే పద్ధతి ఇది. ముఖం కడుక్కున్నాక కొంచెం మాయిశ్చరైజర్, దాని మీద పాన్‌స్టిక్ అనే జిడ్డు రంగు కడ్డీ, తడి స్పాంజితో అద్దే రంగు బిళ్ళ పాన్‌కేక్, అన్నిటికీ చివర పౌడర్ దండిగా. నాకు నేర్పినవారు ఇలాగే వేసేవారు, వారికి నేర్పినవారూ ఇలాగే. పాన్‌కేక్ 1930ల చివర్లో మాక్స్ ఫాక్టర్ సంస్థ రంగుల సినిమాల చిత్రీకరణ కోసం తెచ్చినది. 1945లో బెర్లిన్‌లో మొదలైన క్రయోలాన్ వారి పెయింట్ స్టిక్ ఇవాళ నాట్యబృందాల పెట్టెల్లో తప్పకుండా కనిపిస్తుంది. అంతకు ముందు తరాల్లో మన వీధిభాగవతులు ముఖానికి అర్దళం పూసుకునేవారు. దీపాల వెలుగులో ఆ పసుపు ఛాయ ఎంత బాగుండేదో పెద్దలు చెప్పగా విన్నాను. కానీ అర్దళం ఆర్సెనిక్ కలిసిన ఖనిజం. ఆ అందం కోసం వాళ్లు తమ చర్మాన్నే పణంగా పెట్టారు. ఆ మాట తలచుకున్నప్పుడల్లా, ముఖానికి ఏది పూస్తున్నామో తెలుసుకుని పూయాలన్న పట్టుదల నాలో పెరుగుతుంది.

మా పద్ధతి మొదటి రెండు మూడు అంశాల వరకు బాగానే నిలుస్తుంది. ఆ తర్వాత ముక్కు పక్కల పూత జారుతుంది. పై పెదవి మీద ఉత్త చర్మం బయటపడుతుంది. నుదుటి మీద పౌడర్ అట్టలు కట్టి, చెమట దాని మధ్య దారులు చేసుకుంటుంది. జాకెట్టు మెడ అంచుకు పసుపు మరక అంటుతుంది. పట్టు మీద ఆ మరక ఒక పట్టాన వదలదు.

మా పెద్ద శిష్యురాలు ఫోనులో ఒక వీడియో చూపించింది. కొన్నేళ్లుగా ఈ రకం వీడియోలు విరివిగా తిరుగుతున్నాయి. అందులో పౌడర్‌ను ఫౌండేషన్ తర్వాత కాకుండా ఫౌండేషన్‌కు ముందే వేస్తారు. దాని మీద సెట్టింగ్ స్ప్రే (మేకప్‌ను పట్టి ఉంచే తుంపర) కొట్టి, అది ఆరాక ఫౌండేషన్ పూస్తారు. "అక్కా, పౌడర్ కింద ఉంటే పైది కదలదట. మనమూ చూద్దామా?" అని అడిగింది. చూద్దామన్నాను.

ఏప్రిల్ మొదట్లో: సగం ముఖం పరీక్ష

రెండు పద్ధతులను పోల్చాలంటే ఒకే ముఖం మీద పోల్చాలి. ఒక్కొక్కరి చర్మం ఒక్కో తీరు. ఒకరికి జిడ్డు ఎక్కువ, ఒకరికి చెమట ఎక్కువ, మరొకరికి రెండూ తక్కువ. అందుకని అడిగిన పిల్ల ముఖానే కుడివైపు మా పాత పద్ధతి, ఎడమవైపు కొత్త పద్ధతి. పాన్‌స్టిక్ రెండు వైపులా ఒకటే, పౌడరూ ఒకటే. మారేది వరస మాత్రమే.

మొదటిసారి ఫ్యాన్ కింద కూర్చోబెట్టి చూశాను. రెండు గంటల తర్వాత ఎడమవైపు స్పష్టంగా మెరుగ్గా ఉంది. ముక్కు పక్కన తెల్లని మల్లు గుడ్డ అద్ది చూస్తే కుడివైపు పాన్‌స్టిక్ రంగు బాగా అంటింది, ఎడమవైపు లేతగా అంటింది. పిల్ల సంబరపడింది. నేను ఇంకా పడలేదు. ఫ్యాన్ కింద కూర్చున్న ముఖం నాట్యం చేసే ముఖానికి సాక్ష్యం చెప్పలేదు. ఇలాంటి వీడియోల్లో ఎక్కువ భాగం చల్లని గదిలో, కదలకుండా కూర్చున్న ముఖం మీద తీసినవే. అవి చెప్పేది అబద్ధమని నేను అనను. అవి చెప్పేది ఆ గది వరకే నిజం.

అయినా ఆ గదిలో జరిగినదాన్ని అర్థం చేసుకోవడం అవసరం. ముఖం మీదికి లోపలి నుంచి వచ్చేవి రెండు: చర్మపు జిడ్డు, చెమట. జిడ్డు నూనె. పాన్‌స్టిక్ కూడా నూనె, మైనం, రంగు కలిసిన ముద్దే. నూనె నూనెలో కలుస్తుంది. ముక్కు పక్కల ఊరే జిడ్డు పాన్‌స్టిక్‌ను పలచన చేస్తుంది, పలచబడినది జారుతుంది. పౌడర్ పైన ఉంటే, జిడ్డు పూత గుండా పైకి వచ్చిన తర్వాతే దానికి తగులుతుంది. అప్పటికి జరగవలసిన నష్టం జరిగిపోయి ఉంటుంది. పౌడర్ చర్మం మీదే ఉంటే, జిడ్డు పూతను చేరకముందే దాన్ని పీలుస్తుంది. కొత్త పద్ధతి బలమంతా ఇక్కడే ఉంది.

మన చర్మఛాయలకు ఇంకో మేలు కూడా ఉంది. ఆ వీడియోల్లో దీని గురించి ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. రంగు లేని పౌడర్ అని అమ్మేవాటిలో చాలావరకు చామనఛాయ ముఖాన బూడిద పూసినట్టు తేలతాయి. అందుకే ఇన్నాళ్లూ పసుపు ఛాయ ఉన్న పౌడర్లు వెతికి తెచ్చుకునేదాన్ని. పౌడర్ అడుగున ఉంటే దాని ఛాయ పైకి కనబడదు. పైన పాన్‌స్టిక్ తన రంగులోనే నిలుస్తుంది. నల్లని పిల్లను నల్లగానే, మెరుస్తూ, అందంగా చూపించే వీలు దొరికింది. ఇది ఒక్కటే అయినా ఈ ప్రయత్నానికి విలువ ఉందనుకున్నాను.

ఏప్రిల్ నడుమ: డబ్బా మీద ఏముందో చదవడం

పరీక్షకు ముందు నా పెట్టెలోని పౌడర్లన్నీ బయటపెట్టి, డబ్బాల మీది పదార్థాల జాబితాలు భూతద్దంతో చదివాను. ఇకపై ఏది కొన్నా ముందు చేయవలసిన పని ఇదే.

ఎక్కువ వాటిలో ముందుండేది టాల్క్. మెగ్నీషియం సిలికేట్, ఖనిజాలన్నిటిలోకీ మెత్తనిది. చర్మం మీద జారుడుగా, సమంగా పరుచుకుంటుంది. కొన్నిటిలో సిలికా ఉంటుంది. జిడ్డు పీల్చడంలో అది దిట్ట. కొన్నిటిలో మొక్కజొన్న పిండి లేదా బియ్యపు పిండి. పిండి జిడ్డును పీల్చుకోగలదు కానీ నీటితో ఉబ్బుతుంది, ముద్ద కడుతుంది. నుదుటి మీద అట్టలు కట్టిన మా పాత పౌడర్ డబ్బా చూస్తే మొదటి వరసలోనే మొక్కజొన్న పిండి ఉంది. జింక్ స్టియరేట్, మెగ్నీషియం స్టియరేట్ అనేవి కొద్దిపాటిగా కలుపుతారు. ఇవి పౌడర్ చర్మానికి అంటుకోవడానికి పనికొస్తాయి, నీటిని కొంత తోసిపుచ్చుతాయి. నాట్యానికి ఎంచుకోవలసిన పౌడర్‌లో స్టియరేట్ ఉండాలి, పిండి ఉండకూడదు. ఇది నేను తేల్చుకున్న సూత్రం.

టాల్క్ విషయంలో ఒక జాగ్రత్త. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2024లో టాల్క్‌ను క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో 2ఏ తరగతిలో చేర్చింది. ముఖానికి రాసుకున్నంత మాత్రాన ఏదో అయిపోతుందని పిల్లలను భయపెట్టే ఉద్దేశం నాకు లేదు. అయితే వరసగా పిల్లలకు పౌడర్ వేసే గదిలో ఆ ధూళి అందరి ఊపిరిలోకీ పోతుంది, అందరికంటే ఎక్కువ నా ఊపిరిలోకి. కాబట్టి పఫ్‌ను గాలిలో దులపడం మానేశాం. పౌడర్‌ను మూతలోకి కొద్దిగా వంచుకుని, పఫ్‌ను మడిచి నలిపి, పౌడర్ దాని నూగులోకి దిగాకే ముఖానికి తాకిస్తున్నాను. పిల్ల కళ్లు మూసుకుని క్షణం ఊపిరి బిగబడుతుంది. నేను మాస్కు పెట్టుకుంటున్నాను. టాల్క్ లేని, సిలికా మైకా కలిసినది కూడా ఒకటి తెప్పించాను. వాటి ధూళి కూడా ఊపిరికి మంచిదేమీ కాదు, కాబట్టి జాగ్రత్తలో తేడా లేదు.

ఏప్రిల్ చివర: నాట్యం చేయించి చూడటం

అసలు పరీక్ష మొదలైంది. సాధన గదిలో ఫ్యాన్లు ఆపేసి, సగం సగం ముఖంతో పిల్ల చేత జతిస్వరం, శబ్దం, సత్యభామ ప్రవేశం, తరంగం వరసగా చేయించాను. ప్రతి అంశం తర్వాత రెండు వైపులా మల్లు గుడ్డ అద్దడం, దగ్గరగా ఫోటో తీయడం.

జతిస్వరం తర్వాత ఎడమవైపు గెలుపు. శబ్దం తర్వాత కూడా అంతే. సత్యభామ ప్రవేశం తర్వాత లెక్క తారుమారైంది. ఎడమవైపు నుదుటి మీద, కనుబొమ పైన సన్నని గీతలు. పాలమీగడ కదిలినప్పుడు పడే ముడతల్లా ఉన్నాయి. కుడివైపు పూత చెమటకు జారింది కానీ పగలలేదు.

"అక్కా, నుదురు బిగుసుకుపోతోంది. కనుబొమ ఎత్తాలంటే ఏదో పట్టి లాగుతున్నట్టుంది" అంది పిల్ల.

ఆ మాట నన్ను బాగా ఆలోచింపజేసింది. సత్యభామ అంటేనే కనుబొమ. ఆ గర్వం, ఆ అలక, ఆ ఓరచూపు అన్నీ నుదుటి మీద, కంటి కొసల్లో, పెదవి మూలలో జరుగుతాయి. నాట్యశాస్త్రంలో చూపులకు, కనుబొమల కదలికలకు వేరువేరుగా భేదాలు చెప్పారు. మా పిల్లలు వాటిని ఏళ్ల తరబడి సాధన చేస్తారు. మేకప్ ఎంత సేపు నిలిచినా, ఆ కదలికకు అడ్డం వస్తే ఆ నిలవడం వల్ల ప్రయోజనం లేదు. ఆహార్యం అభినయానికి తోడు రావాలి, దాని మీద పెత్తనం చేయకూడదు.

ఫోనులో నెమ్మది వేగంతో వీడియో తీసి, ముఖంలో ఎక్కడెక్కడ చర్మం మడత పడుతుందో ఒక కాగితం మీద ముఖం బొమ్మ గీసి గుర్తు పెట్టాను. కనుబొమల మధ్య, నుదుటి నడిమి భాగం, కంటి బయటి కొసలు, కంటి కింద, ముక్కు నుంచి పెదవి మూలకు దిగే గీత. ఇవి కదిలే చోట్లు. ముక్కు పక్కలు, ముక్కు మీద, గడ్డం, జుట్టు మొదలయ్యే అంచు, చెంప ఎముక మీద, దవడ అంచు. ఇవి పెద్దగా మడత పడని చోట్లు. పై పెదవి పైభాగం రెండిటికీ నడుమ ఉంది. అక్కడ చెమట చాలా ఎక్కువ, కదలికా ఉంది. చివరి వరకు నన్ను కష్టపెట్టింది ఆ చోటే.

ఈ బొమ్మ ఇప్పుడు అద్దం పక్కన అంటించి ఉంది. వీడియోల్లో ముఖమంతటికీ ఒకే మోతాదు చెబుతారు. నాకు ముఖంలో రెండు రకాల నేలలు కనిపించాయి, రెండిటికీ ఒకే పని పెట్టకూడదు.

మే ప్రవేశించాక: పిల్లలు అడిగిన మరో రెండు పద్ధతులు

ఒకటి బేకింగ్. కంటి కింద, చెంపల మీద పౌడర్ మందంగా పేర్చి, ఐదు పది నిమిషాలు వదిలేసి, మిగిలినది బ్రష్షుతో దులిపేయడం. చర్మపు వెచ్చదనానికి ఫౌండేషన్ పౌడర్‌తో కలిసి గట్టిపడుతుందని దీని వెనుక ఉన్న ఆలోచన. అమెరికాలో డ్రాగ్ కళాకారులు, అంటే ఆడవేషాలు కట్టి ప్రదర్శనలిచ్చే మగవారు, వేడి దీపాల కింద పూత నిలబెట్టుకోవడానికి వాడుతూ వచ్చిన పద్ధతి ఇది. గత దశాబ్దంలో అందరికీ పాకింది. రంగస్థలం నుంచి పుట్టింది కాబట్టి నాకు దాని మీద గౌరవం ఉంది. మాకు మాత్రం కుదరలేదు. కాటుక రేఖ కింద ఆ మందం ఎండిపోయి, కంటి చూపు మారిన ప్రతిసారీ సన్నగా పగిలింది. చెంప ఎముక మీద మాత్రం చక్కగా నిలిచింది. నా బొమ్మ చెప్పినదాన్నే ఇదీ చెప్పింది.

రెండోది కొరియా నుంచి వచ్చిన జామ్సు. మేకప్ సగం పూర్తయ్యాక పౌడర్ దట్టంగా వేసి, చల్లని నీళ్ల గిన్నెలో ముఖం కొన్ని క్షణాల పాటు ముంచి తీయడం. అదనపు పౌడర్ కొట్టుకుపోయి, మిగిలినది అతుక్కుంటుందని అంటారు. పిల్లలకు దీని మీద మహా సరదా. ఐసు ముక్కలు వేసి తయారుగా పెట్టారు. పాన్‌స్టిక్ ఒక్కటే ఉన్న ముఖానికి ఫలితం బాగానే వచ్చింది, నున్నగా, పొడిగా కనిపించింది. పాన్‌కేక్ వేసిన ముఖానికి ఇది పనికిరాదు. నీటితో అద్దేది నీటితో పోతుంది. మన వేషధారణలో ఇంకో చిక్కు ఉంది. సవరం కట్టి, రాగిడి, సూర్యచంద్రులు, పాపిటబిళ్ళ కుట్టాక తల వంచి నీళ్లలో ముంచే వీలు ఎక్కడిది? జడ కంటే ముందు మేకప్ ముగించాలి. మా దగ్గర ఆ వరస కుదరదు. తల అలంకారం సాగుతుండగానే ముఖం పని నడుస్తుంది. జామ్సును పిల్లల ఆటకు వదిలేశాను.

మే రెండో వారం: ఇప్పుడు అనుసరిస్తున్న వరస

ముఖం కడుక్కుని తుడుచుకున్నాక పలచని మాయిశ్చరైజర్, జిడ్డు లేనిది. అది చర్మంలోకి దిగేవరకు ఆగడం. ఈ ఆగడమే అన్నిటికంటే ముఖ్యమని ఇప్పుడు నమ్ముతున్నాను. తడి మీద పౌడర్ పడితే అక్కడే ముద్ద అవుతుంది, ఆ తర్వాత ఏం చేసినా సరికాదు. పిల్లకు ఈలోగా పారాణి పెట్టించేస్తున్నాం, సమయం వృథా కాదు. తర్వాత బ్లాటింగ్ కాగితం అద్ది, మిగిలిన జిడ్డు తీయడం.

ఇప్పుడు పౌడర్. బొమ్మలోని కదలని చోట్లకే. బ్రష్షు కాదు, మెత్తని మఖమల్ పఫ్. దాన్ని మడిచి కొసతో ముక్కు పక్కల నొక్కి, చేతిని కొద్దిగా దొర్లించడం. రుద్దడం లేదు. వేసినట్టు కంటికి కనబడకూడదు, వేలు తాకితే మెత్తగా తెలియాలి. కదిలే చోట్లకు పఫ్‌లో మిగిలిన ధూళి తాకినంత మాత్రమే. కనుబొమల మధ్య అదీ లేదు.

దాని మీద సెట్టింగ్ స్ప్రే, ముఖానికి జానెడు కంటే దూరం నుంచి, సన్నని తుంపరగా. ఇందులో నీరు, ఆల్కహాల్‌తో పాటు సన్నని పొర కట్టే పాలిమర్లు ఉంటాయి. తడి ఆరిపోయాక ఆ పొర పౌడర్‌ను చర్మానికి పట్టి ఉంచుతుంది. బల్ల ఫ్యాన్ ముందు కూర్చోబెట్టి పూర్తిగా ఆరనివ్వాలి. చేయి తాకితే జిగురు తెలియకూడదు.

అప్పుడు పాన్‌స్టిక్. ఇదివరకటిలో సగమే. కొద్దిగా తడిపి బాగా పిండిన స్పాంజితో అద్దుతూ పరచడం. పౌడర్ మీద లాగితే అడుగు పొర చెదురుతుంది కాబట్టి ఎక్కడా లాగకూడదు. పాన్‌కేక్ ఇప్పుడు చెంపల మీద, మెడ మీద మాత్రమే. చివర పౌడర్ మళ్లీ కదలని చోట్లకే, రవ్వంత. కనుబొమలు, కాటుక, తిలకం అన్నీ అయ్యాక మరోసారి స్ప్రే.

ఒక విషయం గుర్తు పెట్టుకోవాలి. పొరలు ఒకదానికొకటి సరిపడాలి. ఫౌండేషన్‌కు ముందు పూసే ప్రైమర్‌లో డైమెథికోన్ వంటి సిలికోన్ ఉంటే, దాని మీద నీటి ఆధారపు ఫౌండేషన్ వేస్తే చాలాసార్లు ఉండలు ఉండలుగా లేచిపోతుంది. కింద పౌడర్ ఉంటే ఆ ఉండలు ఇంకా ఎక్కువ. మేము ప్రైమర్ పూర్తిగా మానేశాం. పౌడరే ఆ పని చేస్తోంది.

గురువుగారు ఒక సాయంత్రం వచ్చి చూశారు. చాలాసేపు ఏమీ అనలేదు. పిల్ల చేత ఒక చూపు, ఒక నవ్వు, ఒక అలక చేయించారు. "ముఖం కనబడుతోందమ్మా, రంగు కాదు" అన్నారు. ఈ ప్రయత్నంలో నాకు దొరికిన అన్ని కొలతల కంటే ఆ మాట పెద్దది.

అదే వారం: ఒక పెళ్లికూతురు

బంధువుల ఇంట పెళ్లి. తెల్లవారుజామున ముహూర్తం, మండపంలో హోమం పొగ, పందిరి నిండా జనం. పెళ్లికూతురికి ఇదే వరస చేశాను. జీలకర్రా బెల్లం, తలంబ్రాలు, అప్పగింతల కన్నీళ్లు అన్నిటినీ తట్టుకుంది. పెళ్లికూతురి ముఖం సత్యభామ ముఖమంత కదలదు కాబట్టి పని సులువు.

పెళ్లి మేకప్‌లో మాత్రం వేరే ప్రమాదం ఉంది. చివరి పౌడర్‌గా సిలికా ఎక్కువున్నది వాడితే, ఫ్లాష్ వెలుగు దాని మీద పడి తిరిగి కెమెరాలోకి వస్తుంది. కంటికి కనబడని పౌడర్ ఫోటోలో తెల్లని మచ్చలుగా తేలుతుంది. అందుకే పందిట్లోకి పంపే ముందు ఫోను ఫ్లాష్‌తో చీకటి మూలన ఒక ఫోటో తీసి చూసుకోవాలి. సిలికా పౌడర్ అడుగు పొరలో ఉంటే, పైన పూత ఉండటం వల్ల ఈ మచ్చ రాలేదు. నాట్యంలో కూడా ఫోటోలు తీసేవారు ముందు వరసలోనే కూర్చుంటారు కదా, అందుకని సిలికా అడుగుకు, టాల్క్ పైకి అని విడదీశాను.

మే మూడో వారం: గుడి ప్రాంగణంలో

ముందురోజు అక్కడే పూర్తి వేషంతో సాధన పెట్టించాను. సాయంత్రానికి గాలి ఆగిపోయింది. చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఆవిరి కాదు, ధారగా కారుతుంది. ఆ రోజు అదే జరిగింది. దీపాలవారు పార్ అనే పాతకాలపు వేదిక దీపాలు తెచ్చారు, ఒక్కొక్కటి 1000 వాట్లు. వేదిక ముందు నిలబడితే ముఖం మీద వేడి తెలుస్తుంది. వారితో మాట్లాడితే ముందు వరస దీపాలకు బదులు ఎల్ఈడీలు పెట్టడానికి ఒప్పుకున్నారు. మేకప్ నిలవాలంటే మేకప్ ఒక్కటే చూస్తే చాలదని ప్రతి నాట్యబృందానికీ చెప్పాలనిపిస్తుంది. దీపాల వారిని ముందే అడగండి.

ఇక్కడే పౌడర్ హద్దు కూడా తెలిసింది. అది జిడ్డుకు జవాబు చెబుతుంది. చెమట దాదాపు అంతా నీరే. పిడికెడు పౌడర్ వేసినా ధారగా కారే నీటిని ఆపలేదు, పైగా బురద చేస్తుంది. చెమటను ఆపాలని చూడటం కాదు, పూతను తీసుకుపోకుండా దాన్ని బయటికి పోనివ్వాలి. పలచని పొరలు అందుకే. పలచని పూత మీద చెమట చుక్క ముత్యంలా నిలుస్తుంది, దాన్ని అద్ది తీసేయవచ్చు. మందపు పూతలో అదే చుక్క లోపలికి ఇంకి, పూతను వెంటబెట్టుకుని దిగుతుంది.

కాబట్టి తెర పక్కన ఒక చిన్న పిల్లను నిలబెట్టాం. చేతిలో నాలుగు మడతలు పెట్టిన ఉతికిన మల్లు గుడ్డ. అంశానికీ అంశానికీ నడుమ నర్తకి వచ్చి తల ముందుకు వంచుతుంది. గుడ్డను నుదుటికి, పై పెదవికి ఆనించి ఎత్తేయడం. తుడవడం లేదు. ఆ పైన పౌడర్ మళ్లీ వేయడం లేదు. తడి మీద పడే పౌడర్ వల్లే ఇదివరకు అట్టలు కట్టేవి.

ప్రదర్శన రోజు తరంగం అయ్యాక అందరి ముఖాలూ దగ్గరగా చూశాను. ముక్కు పక్కలు నిలిచాయి. నుదురు పగల్లేదు. గడ్డం, చెంపలు వేసినట్టే ఉన్నాయి. పై పెదవి దగ్గర ఇద్దరు పిల్లలకు పూత పలచబడింది, కానీ ముందు వరస దాటి కనిపించేంత కాదు. జాకెట్టు మెడ అంచులు శుభ్రంగా ఉన్నాయి. పట్టు ఉతికించే ఖర్చు తగ్గినందుకు తల్లులు అందరికంటే ఎక్కువ సంతోషించారు.

జూన్: మేకప్ తీయడం, మిగిలిన పని

పొరలు పెరిగాయి కాబట్టి తీయడంలోనూ శ్రద్ధ పెరగాలి. పొర కట్టే పాలిమర్ సబ్బునీళ్లకు ఒక పట్టాన లొంగదు. ముందు కొబ్బరినూనె మెల్లగా రాసి, పూత కరిగాక మెత్తని గుడ్డతో తీసి, తర్వాత ముఖం కడుక్కోవడం. మొటిమలు వచ్చే పిల్లలకు కొబ్బరినూనె పడదు. వాళ్లకు మేకప్ తీయడానికి దొరికే మైసెల్లార్ నీళ్లు వాడుతున్నాం, కొంచెం ఎక్కువ సేపు పడుతుంది. పఫ్‌లు, స్పాంజీలు ఎవరివి వారికే, పేరు రాసిన సంచిలో. ప్రదర్శన అయిన రోజే ఉతికి ఎండలో ఆరేయాలి. చెమట తగిలిన పఫ్‌ను అలాగే మూసిపెడితే తర్వాతి ప్రదర్శనకు ముఖం నిండా పొక్కులు వస్తాయి.

పై పెదవికి ఇంకా దారి వెతుకుతున్నాను. అక్కడ పౌడర్ వేయకుండా, స్ప్రే రెండుసార్లు కొట్టి ఆరనిస్తే ఎలా ఉంటుందో చూస్తున్నాను. ఇప్పటివరకు చూసినంతలో పౌడర్ ఉన్నదానికంటే మెరుగు. తొలకరి తేమలో కూడా నిలిస్తే దాన్నే ఖాయం చేస్తాను.

తర్వాతి పని హిరణ్యకశిపుడిది. ఆ పాత్ర వేసే అబ్బాయికి మీసం అతికించాలి. మీసం అతికించే జిగురు చర్మాన్ని నేరుగా పట్టుకుంటుంది, కింద పౌడర్ ఉంటే పట్టు సడలుతుంది. కాబట్టి అతనికి మీసం కూర్చునే మేర పెన్సిలుతో గీసుకుని, ఆ గీత లోపల ఏ పొరా వేయకుండా, స్పిరిట్‌తో తుడిచి, ముందు మీసం అతికించి, ఆ తర్వాతే చుట్టూ పౌడర్ మొదలుపెడతాను. గర్జించే పాత్ర కాబట్టి పెదవి మూలల కదలిక కూడా బొమ్మ మీద కొత్తగా గుర్తు పెట్టాలి. వచ్చే ఆదివారం సాధనకు అతన్ని గంట ముందు రమ్మన్నాను.